తెక్కలకోట గుట్టలు: గోడలు లేని పురాతన కట్టడాన్ని కాపాడేదెలా?

బళ్లారి నుంచి సిరుగుప్పకి పోయే దారిలో ఉన్న పట్టణ పంచాయతీ తెక్కలకోట. చుట్టుపక్కలంతా తుంగభద్ర కాలువ కింద వరి మళ్లు, నల్లరేగడి చేలు, వాటి మధ్య గుండ్లు దొంతి పెట్టినట్టు లేచిన గ్రానైటు గుట్టలు. ఇక్కడ చూడదగ్గవేమిటని పైఊరివాళ్లు అడిగితే మొదట వచ్చే జవాబు కోట, ఆ తర్వాత గుళ్లు. ఆ జవాబులో తప్పేమీ లేదు గానీ, భారత పురావస్తు గ్రంథాల్లోకి ఈ ఊరి పేరు ఎక్కింది కోట వల్ల కాదు. పూనా దక్కన్ కాలేజీ తరఫున ఎం.ఎస్. నాగరాజారావు, కె.సి. మల్హోత్రా 1963–64లో ఈ గుట్టల మీద తవ్వకాలు జరిపారు. 1965లో వాళ్ల నివేదిక వచ్చింది. తెక్కలకోట గుట్టల మీద కాపురమున్న రాతియుగపు జనం అనే అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు. అరవై ఏళ్లుగా దక్షిణ భారత నవీన శిలాయుగం గురించి రాసిన వాళ్లెవరూ ఆ పుస్తకాన్ని దాటి పోలేదు. ఊరికి మాత్రం అది దూరంగానే ఉండిపోయింది. ఎందుకలా జరిగింది, దాన్ని సరిదిద్దాలంటే ముందు ఏ మాట ఒప్పుకోవాలి అన్నదే ఇక్కడి చర్చ. నా పక్షం ముందే చెప్పేస్తాను. తెక్కలకోటలో కాపాడాల్సింది గుట్ట మీద దొరికిన వస్తువుల్ని మాత్రమే అనుకుంటే చాలదు. గుట్టనే ఒక్క కట్టడంగా లెక్కగట్టి, దాని మట్టితో, బండలతో, మెట్టుగా చదును చేసిన జాగాలతో సహా కాపాడాలి. కోట, గుడి చూసి అలవాటైన కంటికి ఇది వింతగా తోచవచ్చు. సాక్ష్యం మాత్రం అటే మొగ్గుతోంది.

అసలు ఇక్కడ ఏం దొరికిందో చూద్దాం. గుండ్ల సందుల్లో చదును చేసుకున్న జాగాల మీద గుండ్రటి ఇళ్ల అడుగులు బయటపడ్డాయి. చుట్టూ గుంజలు పాతిన గుంతలు, వాటి మధ్య తొక్కి గట్టిపరిచిన నేల, కాలిన మట్టి, బూడిద. ఎక్కడైనా పెద్ద గుండు అడ్డొస్తే దాన్ని తొలగించే ప్రయత్నం చేయకుండా, దాన్నే గోడలో భాగం చేసుకున్నారు. నునుపుగా నూరిన రాతి గొడ్డళ్లు, సన్నటి చెకుముకి పలకలు, చేత్తో చేసిన బూడిద రంగు, ఎరుపు కుండలు, రంగు గీతలు దిద్దిన కుండలు దొరికాయి. రాగి వస్తువులు దొరికాయి, బంగారు నగలూ దొరికాయి. రాతి గొడ్డలితో చెట్టు నరికే జనం చెవికి బంగారం పెట్టుకున్నారన్నమాట. రాతియుగం అనగానే మన బడిపుస్తకాలు చూపించే చింపిరి జుట్టు, తోలుగుడ్డ బొమ్మకి ఈ ఒక్క సంగతి చాలు, రంగు వెలవడానికి. హట్టి, మస్కి ప్రాంతపు బంగారు నేల ఇక్కడికి మరీ దూరం కాదు. దక్కన్‌లో బంగారం తీయడం ఎంత పాతదో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ 1962లోనే ఒక వ్యాసంలో చర్చించాడు, ఆ చర్చకి తెక్కలకోట నగలు బలమిచ్చాయి. ఎముకల్లో ఆవులు, ఎద్దులవి ఎక్కువ, మేకలు, గొర్రెలవీ ఉన్నాయి. గింజల్లో ఉలవలు కనిపించాయి.

ఉలవల దగ్గర కాస్త ఆగాలి. ఈ గుట్టల జనం ఏం పండించుకు తిన్నారన్న ప్రశ్నకి నలభై ఏళ్ల తర్వాత పురావస్తు పరిశోధకులు డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, వాళ్ల తోటివాళ్లు మట్టిని నీళ్లలో కడిగి, తేలిన మాడు గింజల్ని సూక్ష్మదర్శిని కింద చూసి జవాబు రాబట్టారు. 2004లో వచ్చిన ఆ పరిశోధనలో తెక్కలకోట, బళ్లారి దగ్గరి సంగనకల్లుతో పాటు హట్టిబెళగల్లు, వేల్పుమడుగు, పెద్దముడియం లాంటి ఆంధ్ర ఊళ్లు కూడా వరుసగా కనిపిస్తాయి. అంతటా తేలిన పంట దాదాపు ఒకటే: ఉలవలు, పెసలు, అండుకొర్రలు, కొర్రల జాతిదే ఇంకో చిరుధాన్యం. గోధుమ, బార్లీ లాంటి ఉత్తరాది పంటలు కొన్నిచోట్ల మాత్రమే, అవీ కొద్దిగా కనిపిస్తాయి. అంటే ఈ ఎర్ర బండల మధ్య సేద్యం బయట నుంచి అరువు తెచ్చుకున్న విద్య అనడానికి వీల్లేదు. ఇక్కడి వానకి, ఇక్కడి గడ్డికి, ఇక్కడి కాయజాతికి సరిపోయేలా ఇక్కడివాళ్లే సమకూర్చుకున్న సేద్యం అది. ఈ మధ్య నగరాల్లో ఆరోగ్యం పేరుతో కిలోకి వందలు పోసి కొంటున్న అండుకొర్రలకి అసలు చిరునామా ఇలాంటి గుట్టలే. ఇందులో మన వాదనకి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఉలవలు తప్ప మిగతా గింజలు 1964లో ఎవరి చేతికీ వస్తువులుగా దొరకలేదు. అప్పుడు మట్టిని కడిగి వెతికే పద్ధతే ఇక్కడ ఇంకా వాడుకలోకి రాలేదు. తవ్వకుండా మిగిల్చిన మట్టిలో అవి ఉండిపోయాయి కాబట్టి ఆ తర్వాతి తరం వాళ్లు వెతకగలిగారు. మ్యూజియం అద్దాల పెట్టెలో పెట్టిన గొడ్డలిని ఎన్నిసార్లు చూసినా అది పెసలు పండించిన కబురు చెప్పదు.

కాలం లెక్క కూడా ఇలాంటిదే. 1947లో పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్ చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో తవ్వి, దక్షిణాది రాతి గొడ్డళ్ల సంస్కృతిని క్రీ.పూ. మొదటి సహస్రాబ్దికి లాక్కొచ్చాడు. మౌర్యుల గుమ్మం దాకా ఇక్కడివాళ్లు రాళ్లు నూరుకుంటూ కూచున్నారన్నట్టుంది ఆ లెక్క. తర్వాత పూర్వపు పాలమూరు జిల్లా ఉట్నూరు బూడిద దిబ్బ నుంచి ఆల్చిన్ తెచ్చిన బొగ్గుకి రేడియో కార్బన్ పరీక్ష చేస్తే కాలం క్రీ.పూ. మూడో సహస్రాబ్దిలోకి జరిగింది. తెక్కలకోట గుట్ట మీద దొరికిన బొగ్గు ముక్కల్ని బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో పరీక్షించారు. ఫలితాలు క్రీ.పూ. రెండో సహస్రాబ్ది తొలి సగం దగ్గర గుమిగూడాయి. వీలర్ లాంటి దిగ్గజం వేసిన లెక్కని వెయ్యేళ్లు వెనక్కి నెట్టింది ఏ శాసనమూ కాదు, ఏ శిల్పమూ కాదు, పొయ్యిలో చల్లారిన బొగ్గు. ఆ బొగ్గు ఏ పొరలో ఉందో ఆ పొర చెదరకుండా ఉంటేనే దానికి విలువ. గునపం తగిలి పై మట్టి, కింది మట్టి కలిసిపోతే అదే బొగ్గు ఉత్త మసి. గుట్ట మొత్తాన్ని ఒక్క కట్టడంగా ఎందుకు చూడాలో చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

నిజానికి ఈ చూపు కొత్తదేమీ కాదు, బళ్లారి జిల్లాలో మొదట్నుంచీ పని చేసిన వాళ్లది అదే చూపు. పల్లవరంలో 1863లో రాతి గొడ్డలి ఏరి భారత పూర్వచరిత్రకి నాంది పలికిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ వృత్తిరీత్యా భూగర్భ శాస్త్రవేత్త. బళ్లారి జిల్లా భూగర్భం మీద 1895లో గ్రంథం వేసిన మనిషి. రాయిని చదవడం అతని ఉద్యోగం, దాంతో పాటే రాయి మీద మనిషి వేసిన గుర్తుల్నీ చదివాడు. పాత జనం ఈ గ్రానైటు గుట్టల్నే ఎందుకు ఎంచుకున్నారని ఆలోచించాడు కాబట్టే ఏ గుట్ట మీద ఏం దొరికిందో గుట్టల వారీగా రాసిపెట్టాడు. బి. సుబ్బారావు 1948లో ‘బళ్లారి రాతియుగ సంస్కృతులు’ అనే అర్థం వచ్చే పుస్తకం తెచ్చాడు, సంగనకల్లులో తవ్వాడు. ఆ తర్వాత ‘ద పర్సనాలిటీ ఆఫ్ ఇండియా’లో నేల రూపురేఖలే చరిత్ర గతిని ఎలా మలుస్తాయో దేశం మొత్తానికి విస్తరించి చెప్పాడు. బళ్లారి గుట్టలు నేర్పిన పాఠం ఆ పుస్తకం వెనక ఉందని నా అనుమానం. నాగరాజారావు హల్లూరు తవ్వకాల మీద 1971లో వేసిన పుస్తకానికి తుంగభద్ర లోయ పేరు పెట్టాడు గానీ ఏ రాష్ట్రం పేరూ పెట్టలేదు. ఆయనే తర్వాత భారత పురావస్తు శాఖకి డైరెక్టర్ జనరల్ అయ్యాడు. వీళ్లందరికీ ప్రమాణం నేల. ఆ నేలని వస్తువులుగా విడగొట్టి చూడటం తర్వాత వచ్చిన పాలనా సౌకర్యం.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోక తప్పదు. గుట్ట ఎక్కితే కనబడేదేముంది? గుండ్లు, ముళ్లకంపలు, నాలుగు పెంకులు. చూసేవాడికి చూపించడానికి ఏదీ లేనప్పుడు దాన్ని చూడదగ్గ స్థలమని ఎలా అంటాం? పర్యాటక శాఖ భాషలో ఈ ప్రశ్నకి జవాబు లేదు, నిజమే. పక్కనే కొప్పళ జిల్లాలో హిరేబెణకల్ ఉంది. గుట్ట మీద నాలుగు వందల దాకా రాతి సమాధి కట్టడాలు నిలబడి ఉన్నాయి, పలకలు నిలబెట్టి పైన మూత పెట్టిన రాతి ఇళ్లలా. మన ఊళ్లలో రాకాసి గుళ్లు అంటారే, ఆ రకం. ఫొటోకి అందుతాయి. 2021లో అది యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది, చేరాల్సిందే. ఐతే చచ్చినవాళ్ల కోసం రాయి నిలబెట్టిన కాలానికి ముందే, బతికినవాళ్లు కొయ్యతో, మట్టితో, గడ్డితో ఇళ్లు కట్టుకున్న గుట్ట తెక్కలకోట. కొయ్య చెదలు తింది, గడ్డి కుళ్లింది, గుంజ గుంత మాత్రం మిగిలింది. పక్కా రాతితో కట్టిన వాటికే పురాతనత్వం కట్టబెడితే చావుల చరిత్ర మాత్రమే మిగులుతుంది, బతుకుల చరిత్ర జారిపోతుంది. పైగా కళ్లు పెట్టి చూస్తే గుట్ట ఖాళీగా లేదు. నీళ్లు పోసి గొడ్డలి అంచు నూరగా నూరగా బండలో పడిన నున్నటి గాడులు అక్కడున్నాయి, అరచెయ్యి పెడితే లోతు తెలుస్తుంది. బండల మీద మూపురాల ఎద్దుల బొమ్మలున్నాయి. సంగనకల్లు దగ్గర కుప్పగల్లు గుట్ట మీద ఐతే ఇలాంటి బొమ్మలు లెక్కకి మించి ఉన్నాయి, కొడితే గంటలా మోగే రాళ్లూ ఉన్నాయి. ఫాసెట్ అనే అధికారి 1892లోనే వాటి గురించి రాశాడు, తర్వాత లోకం మరిచిపోయింది, పరిశోధకురాలు నికోల్ బోవిన్ మళ్లీ వెతికి 2004లో ప్రచురించింది. ఆ రాయిని ఊడదీసి మ్యూజియంలో పెడితే అది మోగుతుందా? మోగినా ఆ లోయలో పలికినట్టు పలకదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైంది, పండితుల మధ్య పుట్టింది. నాగరాజారావు 1965లోనే ‘ఆంత్రోపోస్’ అనే అంతర్జాతీయ పత్రికలో తెక్కలకోట బోయల మీద ఒక వ్యాసం రాశాడు. నవీన శిలాయుగపు అలవాట్లు కొన్ని వాళ్లలో ఇంకా మిగిలి ఉన్నాయన్నది దాని సారం. గుంజలు పాతి, తడిక కట్టి, మట్టి మెత్తి, పైన గోపురంలా గడ్డి కప్పే బోయల గుడిసెని చూసి, తవ్వకంలో దొరికిన గుంతల మీద ఇల్లు ఎలా నిలిచి ఉంటుందో ఊహించాడు. దీన్ని రెండు విధాలుగా తప్పుపట్టవచ్చు. ఒకటి, మూడున్నర వేల ఏళ్ల ఎడం మధ్యలో ఉండగా ఇప్పటి గుడిసెని అప్పటి ఇంటికి నమూనా అనడం తొందరపాటు. గుండ్రటి మట్టి ఇల్లు ప్రపంచంలో ఎన్నో చోట్ల ఎవరికి వాళ్లు కట్టుకున్నారు. రెండు, కళ్లముందు బతుకుతూ, ఓటేస్తూ, పిల్లల్ని బడికి పంపుతున్న ఒక కులాన్ని రాతియుగపు మిగులు అనడం మర్యాద కాదు. పేదరికాన్ని పురాతనత్వంగా పొరబడే చూపు అందులో దూరుతుంది. ఈ రెండో మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఆ కాలపు మానవశాస్త్రానికి ఆ జబ్బు బాగా ఉండేది. మొదటి మాటతో మాత్రం సగమే. బోయ ఇల్లుగట్టేవాడి దగ్గర నాగరాజారావు నేర్చుకున్నది వంశవృక్షం కాదు, పనితనం. ఏ గుండుని ఆనించి గోడ లేపితే వాననీళ్లు లోపలికి రావో, గాలివాటు ఎటుంటే గుమ్మం ఎటు పెట్టాలో ఆ గుట్ట మీద కాపురం చేసేవాడికే తెలుస్తుంది. సమస్య ఒకటే ఐనప్పుడు పరిష్కారాలూ ఒకదాన్నొకటి పోలుతాయి, రక్తసంబంధం ఉండాల్సిన పనిలేదు. కాబట్టి ఆ వ్యాసాన్ని ఇవాళ తిరిగి రాస్తే బోయల్ని మిగులుగా చూపకూడదు, ఆ గుట్టని చదవగలిగిన నిపుణులుగా వాళ్ల పేరు ముందు రాయాలి. గుట్టని కాపాడే పథకం ఏది వేసినా వాళ్లని బయటికి నెట్టే పథకం కాకూడదన్న షరతు కూడా ఇక్కడి నుంచే పుడుతుంది.

జనం కథలు కూడా ఇలాంటి చదువే. ఈ ప్రాంతంలో బూడిద దిబ్బలున్నాయి. కుడతిని దగ్గర ఒకటి, కుప్పగల్లు దగ్గర ఇంకొకటి, ఇటు ఉట్నూరు, అనంతపురం జిల్లాలో పాలవాయి. కుప్పగల్లు దిబ్బని న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1836లోనే తవ్వి చూశాడు. గట్టిపడి, గాజులా కరిగి గడ్డకట్టిన బూడిద గుట్టలు అవి. రాక్షసుల్ని తగలేసిన చోటని కొన్ని ఊళ్లలో చెప్పుకుంటారు. హంపి దగ్గర నింబాపురంలో ఐతే అది వాలిని దహనం చేసిన బూడిదని నమ్మకం. పండితులు మాత్రం తక్కువ తిన్నారా? అగ్నిపర్వతపు బూడిద అన్నవాళ్లున్నారు, ఇనుము కరిగించిన కొలిమి చిట్టెం అన్నవాళ్లున్నారు. చివరికి పశువుల దొడ్లలో పేరుకున్న పేడని మళ్లీ మళ్లీ కాల్చడం వల్ల ఏర్పడ్డవని ఫుట్ చెప్పిన మాటే ఉట్నూరు తవ్వకాలతో, 1960లో జాయినర్ చేసిన రసాయన పరీక్షతో నిలబడింది. ఆల్చిన్ 1963లో వేసిన పుస్తకం దక్షిణాది నవీన శిలాయుగపు పశుపాలకుల గురించే. వింత కట్టడానికి జనం కథ అల్లడం ఉత్తర జర్మనీలో కూడా నడిచింది. లోయర్ సాక్సనీలో ఇరవై వేల జనాభా ఉన్న విల్డెస్‌హౌజెన్ అనే చిన్న ఊరి పక్క పొడుగాటి రాతి సమాధులు రెండున్నాయి. వాటికి పెళ్లికూతురు, పెళ్లికొడుకు అని పేర్లు. ఇష్టంలేని పెళ్లికి బలవంతంగా తీసుకుపోతుంటే ఆ పిల్ల రాయినైపోతే బాగుండునని మొక్కుకుందట, పెళ్లిబృందమంతా రాళ్లైపోయిందట. వాలి బూడిద కథ కూడా ఇలాంటిదే. ఇక్కడేదో మామూలు కానిది ఉందని జనం కథలో గుర్తు పెట్టుకున్నారు, గుర్తు ఉన్నంత కాలం దాన్ని ముట్టుకోవడానికి కొంచెం జంకారు. శాస్త్రం వచ్చి వాలిని తీసేసింది, సరే. ఆ జంకు పోయిన చోట చట్టం నిలబడాలి. అది నిలబడే లోపు ఎన్నో బూడిద దిబ్బల్ని పొలాలకి ఎరువుగా తవ్వుకుపోయారు.

అదే విల్డెస్‌హౌజెన్ పక్క పెస్ట్రుప్ అనే చోట ఐదు వందలకి పైగా సమాధి దిబ్బలున్న బీడుంది. దాన్ని ఏ దిబ్బకి ఆ దిబ్బగా కంచె వేసి కాపాడలేదు. బీడు మొత్తాన్నీ ఒక్కటిగా కాపాడారు. చెట్లు మొలిచి వేళ్లతో దిబ్బల్ని చీల్చకుండా ఆ ప్రాంతపు గొర్రెల జాతినే అందులో మేపుతారు. గుట్టని కాపాడితే మేకలవాళ్లు, గొర్రెలవాళ్లు ఏమైపోవాలన్న ప్రశ్నకి అక్కడి అనుభవం చెప్పే జవాబు తేలికైంది: మేపు ఉండనివ్వండి, యంత్రం వద్దు. తెక్కలకోట గుట్ట మీద మూడున్నర వేల ఏళ్ల కిందటి జనం చేసింది కూడా పశువుల కాపరి పనే. అలాగని జర్మనీని ఆదర్శంగా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆ దేశంలోనూ రోడ్లకి, కట్టడాలకి పగలగొట్టేసిన రాతి సమాధులు కొల్లలు. వాళ్లు పోగొట్టుకుని నేర్చుకున్నారు, మనం పోగొట్టుకునే దశలో ఉన్నాం, అంతే తేడా.

మూడో అభ్యంతరం పొట్టకూటిది. గ్రానైటు, కంకర లేకుండా ఇల్లు లేదు, రోడ్డు లేదు. బళ్లారి చుట్టుపక్కల ప్రతి గుట్ట మీదా పాత పెంకు దొరుకుతుంది. అన్నింటికీ తాళం వేస్తే క్వారీ కూలీ ఏం తినాలి? ఇది తోసిపుచ్చే ప్రశ్న కాదు. ఐతే లెక్క రెండువైపులా వేయాలి. కంకర పనికి ఏ గుట్ట ఐనా ఒకటే. ఇళ్ల అడుగులు, గొడ్డళ్లు నూరిన బండలు, పొరలు చెదరని మట్టి ఉన్న గుట్టలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. సంగనకల్లు దగ్గర హిరేగుడ్డ మీద డోలరైటు రాతితో గొడ్డళ్లు తయారు చేసిన ఒక పెద్ద కార్ఖానా బయటపడింది, అలాంటిది దక్షిణాదిలో అరుదు. దాని పక్కనే క్వారీ నడిచింది, పరిశోధకులు గొడవ పెడితే గానీ అధికారులు కదల్లేదు. ఏ గుట్ట వదలాలో, ఏ గుట్ట తీసుకోవచ్చో ముందే సర్వే నంబర్లతో తేల్చి ఉంటే కూలీకీ నష్టం లేదు, చరిత్రకీ లేదు. ఆ తేల్చడం జరగకపోవడం వల్లే గొడవ ఎప్పుడూ పేలుడు మందు పెట్టిన తర్వాత మొదలవుతుంది.

ఇక చట్టం సంగతి. 1958 కేంద్ర చట్టంలో పురాతన కట్టడం వేరు, పురావస్తు స్థలం వేరు. శిథిలాలో, అవశేషాలో ఉన్నాయని సహేతుకంగా నమ్మదగ్గ ఏ ప్రదేశమైనా రెండో నిర్వచనం కిందికి వస్తుంది, వందేళ్లకి పైబడితే చాలు. కర్ణాటకకి 1961లో, ఆంధ్రప్రదేశ్‌కి 1960లో సొంత చట్టాలు వచ్చాయి. 2010 సవరణ ప్రకారం కేంద్ర రక్షణ ఉన్న స్థలం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. అంటే గుట్టని గుట్టగా కాపాడటానికి కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు. ఉన్నదాన్లో రెండో నిర్వచనాన్ని మనసుపెట్టి వాడితే చాలు. వాడుకలో మాత్రం గోడ ఉన్నవాటికి నీలం రంగు బోర్డు, గోడ లేనివాటికి పోరంబోకు అన్న ముద్ర. ఇందులో అధికారుల నిర్లక్ష్యం కొంత ఉంది, మిగతాది మన ఊహల పేదరికం. కోట గోడ కూలితే ఊరంతా గగ్గోలు పెడుతుంది, గుట్ట మీద జేసీబీ ఎక్కితే రోడ్డు వస్తోందనుకుంటుంది. గుప్తనిధుల కోసం రాత్రిళ్లు తవ్వేవాళ్లది ఇంకో బెడద. బంగారం దొరికిన చోటని పుస్తకాల్లో ఉంది కదా అన్న ఆశ వేరే. నిధి చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధిని అధికారులకి తెలియజేయాలి. ఆ సంగతి ఎంతమందికి తెలుసు?

ఇదంతా కర్ణాటక వ్యవహారం, తెలుగువాళ్లకెందుకు అనేవాళ్లున్నారు. 1800లో నిజాము కంపెనీకి దత్తం చేసినప్పటి నుంచి 1953 అక్టోబరు 1 దాకా ఈ జిల్లా మద్రాసు కింద ఉంది. ఆరోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకి వచ్చాయి, సిరుగుప్ప మైసూరుకి పోయింది. గీత గీయడం తప్పని నేననను. చరిత్ర పుస్తకాలు ఆ గీత దగ్గర ఆగిపోవడమే తప్పు. ఆంధ్రుల పూర్వచరిత్రలో ఉట్నూరు, పాలవాయి ఉంటాయి, కర్ణాటకదాన్లో సంగనకల్లు, తెక్కలకోట ఉంటాయి, ఒకే జనం ఒకే ఉలవలు తిన్న రెండు కథలుగా. అశోకుడి సంగతీ అంతే. తెక్కలకోటకి దగ్గర్లోనే, ఇదే తాలూకాలో నిట్టూరు, ఉడేగోళం అనే రెండు ఊళ్లలో 1970ల చివర్లో అశోకుడి లఘు శిలాశాసనాలు బయటపడ్డాయి. దేశం మొత్తం మీద అశోక అన్న సొంత పేరు కనిపించే నాలుగు చోట్లలో ఇవి రెండు, మిగతావి మస్కి, గుజర్రా. ఇటు కర్నూలు జిల్లాలో ఎర్రగుడి శాసనాలు 1929లో తెలిశాయి, రాజుల మండగిరి ఇంకొకటి. నిట్టూరు, ఉడేగోళం, ఎర్రగుడి, మండగిరి కలిపి చదివితే మౌర్యుల దక్షిణ సరిహద్దు పాలన ఒక ఆకారంలోకి వస్తుంది, విడదీసి చదివితే రెండు రాష్ట్రాల గొప్పలు మిగులుతాయి. గుట్టల జనానికీ ఈ శాసనాలకీ మధ్య వెయ్యేళ్లకి పైన ఎడముంది, ఆ రెంటినీ ఒకే కథగా కుట్టేయమని కాదు నా మాట. బండల మీద మాట చెక్కించిన రాజుకీ, బండల మీద ఎద్దుని గీసిన కాపరికీ ఈ నేల ఒకే రకంగా పనికొచ్చిందని మాత్రం గమనించాలి. తుంగభద్ర దిగువ కాలువ ఇక్కడి పొలాలు తడిపి కర్నూలు జిల్లాకి పోతుంది, దాని లెక్కలు చూడటానికి 1953 నుంచి తుంగభద్ర బోర్డు ఉంది. కాలువ వచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపులు వేసుకున్న తెలుగు రైతులు ఈ తాలూకాలో తరాలుగా ఉన్నారు. నీళ్లు పంచుకోవడానికి ఒక బోర్డు పెట్టుకోగలిగిన రెండు ప్రభుత్వాలు, ఈ లోయలోని గుట్టలన్నింటి పట్టిక ఒకటి ఉమ్మడిగా తయారు చేయించడం అసాధ్యమంటే నమ్మబుద్ధి కాదు.

కాబట్టి చేయాల్సినవి పెద్దవేమీ కావు. తెక్కలకోట గుట్టల్ని సర్వే నంబర్లతో పురావస్తు స్థలంగా ప్రకటించాలి, ఆ ప్రకటనలో మేపుకి, గుడి దారికి అడ్డం లేదని స్పష్టంగా రాయాలి. బళ్లారిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరు మీద సంగనకల్లు మ్యూజియం ఉంది, దాని శాఖగా ఊళ్లో ఒక గది తెరిస్తే చాలు. అరవై ఏళ్ల నాటి నివేదిక సారాన్ని కన్నడంలో, తెలుగులో చిన్న పుస్తకంగా వేసి తాలూకా బడులకి పంచాలి. ఈలోగా గుట్ట ఎక్కేవాళ్లకి ఒక విన్నపం. కాలికి నున్నటి రాతి గొడ్డలి తగిలితే జేబులో వేసుకోకండి, ఇంటికి తెచ్చి దేవుడి గూట్లో పెట్టకండి. అది పడున్న చోటే ఉంచి, ఫొటో తీసి, ఆ జాగా గుర్తు రాసుకుని బళ్లారి మ్యూజియానికి చెప్పండి.